పదింటికీ మూడింటికీ

ఆ లాండ్రీ మొత్తానికీ ఆయన బావే. భార్య తమ్ముణ్ణి తెచ్చి తన పక్కన పనిలో పెట్టిన రోజు ఆ కుర్రాడు మిషను చప్పుడులో వినపడదని గొంతు చించుకుని "బావా, ఈ దుప్పటి ఎటు తిప్పాలి?" అని అరిచాడు. అంతే. సాయంత్రానికల్లా ఉతికేవాళ్ళూ, మూటలు కట్టేవాళ్ళూ, వ్యాను డ్రైవరూ, ఆఖరికి ఆయన కన్నా పదేళ్ళు పెద్దయిన సూపర్‌వైజరు కూడా బావా అనడం మొదలుపెట్టారు. ఇప్పుడాయనకి అరవై రెండు. మోకాళ్ళు అరిగిపోయి పని మానేసి రెండేళ్ళయింది. అయినా బజార్లో ఎవరో ఒకరు "ఏం బావా, కులాసానా" అని కేకేస్తూనే ఉంటారు. కాబట్టి మనమూ బావ అనే అందాం.

తమ్ముడికి యాభై నాలుగు. పెళ్ళి కాలేదు. వచ్చిన రెండు సంబంధాలూ సిగరెట్టు కంపుకే పారిపోయాయని అక్క అంటుంది. "వాళ్ళ అదృష్టం బాగుంది అక్కా" అని వాడంటాడు. అక్కాబావల ఇంట్లోనే వెనక గదిలో ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు వాడి నోట ఈల ఆగేది కాదు. వీధి మొదట్లో ఈల వినపడితే అక్క కంచాలు పెట్టేది. ఇప్పుడు చొక్కా తొడుక్కోవడానికి మధ్యలో రెండుసార్లు మంచం మీద కూలబడాలి. ఒక చెయ్యి తొడుక్కుని ఒకసారి, రెండో చెయ్యి తొడుక్కుని ఇంకోసారి. బొత్తాలు అక్క పెడుతుంది.

ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఫిలిం వెలుగులో పెట్టి చూపించింది. "ఇదిగో, పైభాగం అంతా చూడండి. గాలి నిండే చిన్న చిన్న గదులుండాలి ఇక్కడ. గోడలు పోయి పెద్ద ఖాళీ సంచుల్లా అయిపోయాయి. పోయిన గాలి బయటికి రాదు. ఆ సంచులు ఉబ్బి, కింద బాగున్న భాగాన్ని కూడా నొక్కేస్తున్నాయి." చెడిన భాగం కోసి తీసేస్తే బాగున్న దానికి చోటు దొరుకుతుంది. అదీ ఆపరేషను. "పరుగులు పెట్టిస్తానని చెప్పను గానీ, బజారుకెళ్ళి సంచీ మోసుకుని రాగలరు."

"ఎప్పుడు చేస్తారమ్మా?" అక్క అప్పటికే కుర్చీ అంచుకి వచ్చేసింది.

"ఆరు నెలలు ఒక్క సిగరెట్టు కూడా ముట్టకుండా ఉంటే. పొగ తాగేవాళ్ళకి నేను కత్తి పట్టను, గాయం మానదు. నెలనెలా వచ్చి ఊదాలి. ఆరోసారి కూడా శుభ్రంగా ఉంటే ఆ వారమే చేసేస్తాను."

"మధ్యలో ఒకటి తాగితే?" అన్నాడు తమ్ముడు. వాడికి తన సంగతి తెలుసు.

"మళ్ళీ మొదటినుంచీ ఆరు నెలలు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రెండో ఆరు నెలలు మీ చేతిలో ఉన్నాయని నేను అనుకోవడం లేదు. దాచి ఏం లాభం, అందుకే చెప్తున్నాను."

బయటి గదిలో నర్సు ఒక గొట్టం చేతికిచ్చి, ఊపిరి బిగబట్టి ఊదమంది. పదిహేను అంకెలు లెక్కపెట్టే దాకా బిగబట్టాలి. తమ్ముడు ఎనిమిది దగ్గరే కళ్ళు తేలేశాడు. మూడుసార్లు ఊదించాక ఇరవై ఆరు అని పడింది. ఆరు లోపు ఉండాలట. "ఇందులో నిన్నా ఇవాళా తాగింది మాత్రమే పడుతుంది. అంతకు ముందుది దొరకదు. నన్ను మోసం చెయ్యడం సులువే, మీ ఛాతీనే చెయ్యలేరు" అంది నర్సు.

దారి పొడుగునా అక్క తిడుతూనే ఉంది. డాక్టరమ్మని కాదు, తమ్ముణ్ణి కాదు. "ఎవడు నేర్పాడో నా తమ్ముడికి ఈ దరిద్రం! వాడి చెయ్యి పడిపోను! వాడికి అక్కాచెల్లెళ్ళు లేరూ?" ఇది ముప్పై ఏళ్ళ నాటి తిట్టు. తమ్ముడు దగ్గినప్పుడల్లా అదే, గోడ మీద పొగకి పట్టిన పసుపు మరక కనపడినా అదే. తమ్ముడు నవ్వుతాడు. బావ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నడుస్తాడు.

ఎందుకంటే నేర్పింది ఆయనే.

అదెలా జరిగిందో చెప్తాను, విన్నాక మీరేమైనా అనుకోండి. ఆస్పత్రుల దుప్పట్లూ, హోటళ్ళ తువ్వాళ్ళూ ఆ లాండ్రీకి వచ్చేవి. లోపల రోలర్ మిషను. కాలిపోతున్న పెద్ద ఇనప గొట్టం తిరుగుతూ ఉంటుంది. ఇటు ఇద్దరు తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని అందిస్తారు, అటు ఇద్దరు అందుకుని మడత పెడతారు. ఒక్కో దుప్పటికీ గుప్పుమని ఆవిరి. ఎండాకాలం, చలికాలం తేడా లేదు లోపల, ఎప్పుడూ ఒళ్ళు ఉడికిపోతూ ఉండాల్సిందే.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎప్పుడో ఎవడో గోదాములో నక్కి సిగరెట్టు తాగితే నిప్పు తువ్వాళ్ళ మూట మీద పడి సగం గది తగలబడింది. అప్పట్నుంచీ యజమాని ఏర్పాటు చేశాడు, తాగేవాళ్ళు పదింటికీ మూడింటికీ వెనక తలుపులోంచి బయటికెళ్ళి, పది నిమిషాల్లో తాగి రావాలని. మరి తాగనివాళ్ళకి? తాగనివాళ్ళకి బయటేం పని! వాళ్ళు మిషను దగ్గరే. ఇదెక్కడి న్యాయమండీ అని ఒక్కడు అడిగి ఉంటే ఏమయ్యేదో గానీ, అడగలేదు ఎవరూ. చేరిన నెల తిరిగేసరికి ప్రతివాడి జేబులోనూ ఒక పెట్టె ఉండేది.

తమ్ముడు చేరిన మూడో రోజు మధ్యాహ్నం దుప్పటి కొస పట్టుకునే తూలాడు. ఇరవై రెండేళ్ళవాడు, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. "వాణ్ణి జాగ్రత్తగా చూసుకోండి" అని అక్క ఆ పొద్దున కూడా చెప్పి పంపింది. మూడు కొట్టారు. బావ తన పెట్టెలోంచి ఒక సిగరెట్టు తీసి వాడి చేతిలో పెట్టాడు. "ఒరేయ్, ఇది పట్టుకుని నా వెనకాలే రా. పీల్చక్కర్లేదు. సూపర్‌వైజరుకి కనపడితే చాలు."

నాలుగు రోజులు ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. గాలి తగిలేసరికి ప్రాణం లేచొచ్చినట్టుండేది వాడికి, ఈల కూడా వేసేవాడు. ఐదో రోజు సూపర్‌వైజరు తలుపు దగ్గరికొచ్చి, "ఏరా, పెన్సిలా అది? రాసుకుంటావా?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. బావే అగ్గిపుల్ల గీశాడు.

ఆ తర్వాత కథ లోకమంతా జరిగేదే. రోజుకి రెండు కాస్తా పది, పది కాస్తా ఇరవై. బావకి నలభై ఐదో ఏట ఛాతీ పట్టేసి నెల్లాళ్ళు దగ్గు వచ్చింది. "ఇక చాలు మానేయండి" అంది అక్క. మానేశాడు! చెప్పులు విడిచి పక్కన పెట్టినంత సులువుగా మానేశాడు మహానుభావుడు. ఇద్దరూ ఒకే పెట్టెలోంచి తాగారు, ఒకే తలుపు దగ్గర నిలబడ్డారు. ఒకణ్ణి అది వదిలేసింది, ఇంకొకణ్ణి పట్టుకుంది. తమ్ముడు ఏడుసార్లు మానాడు. అన్నిట్లోకీ పెద్దది పదకొండు రోజులు. పదకొండో రోజున చెత్తబుట్టలోంచి పీక ఏరుకుని తాగుతూ బావకి దొరికాడు. అప్పుడు వాడి కళ్ళలో ఉన్న సిగ్గు చూసి బావకి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

వాడెప్పుడూ అక్కకి చెప్పలేదు. "ఎవడ్రా నేర్పింది?" అని అక్క గుచ్చి గుచ్చి అడిగితే, "గాలిలోంచి వచ్చింది అక్కా" అనేవాడు.

ఇక ఆరు నెలల సంగతి. మొదటి వారం ఇంట్లో నరకమే అనుకోండి. ఒంటికి అంటించుకునే పట్టీ ఇచ్చారు, చర్మం పొక్కిపోయింది. నమిలే బిళ్ళ ఇచ్చారు, గొంతులో మంటని ఉమ్మేశాడు. గిన్నె చప్పుడైతే విసుక్కున్నాడు, అక్క మీద ఎన్నడూ లేంది గట్టిగా అరిచాడు, తర్వాత పసిపిల్లాడిలా ఏడ్చాడు. బావ కుర్చీ వేసుకుని వాడి గది గుమ్మంలోనే కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని ఒకటి కనిపెట్టాడు. రోజంతా ఎలాగో పళ్ళబిగువున నెట్టుకొస్తాడు గానీ, పది అయ్యేసరికి, మూడయ్యేసరికి వాడి కాళ్ళు ఆగవు. గడియారం చూడకుండానే లేస్తాడు, గుమ్మం దాకా వస్తాడు, ఎక్కడికో తెలీనట్టు నిలబడిపోతాడు.

"ఒరేయ్, పద" అన్నాడు బావ ఒకరోజు.

"ఎక్కడికి?"

"బయటికి. పది నిమిషాలు నిలబడదాం. మన హక్కురా అది, ఎవడడుగుతాడు?"

వీధి గోడకి ఆనుకుని నిలబడ్డారు. తమ్ముడు చేతులు ఏం చెయ్యాలో తెలీక ఒకదాన్నొకటి నలుపుకున్నాడు. బావ కబుర్లు ఎత్తుకున్నాడు. ఒకసారి హోటలు తువ్వాళ్ళ మూటలో ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు దొరికితే, అది పట్టుకుని సూపర్‌వైజరు అందరి నోళ్ళూ తెరిపించి చూసిన కథ. తమ్ముడికి నవ్వొచ్చింది, నవ్వుకి దగ్గొచ్చింది, దగ్గు తగ్గేసరికి పది నిమిషాలు దాటిపోయాయి. "అరె, గడిచిపోయింది బావా!" అన్నాడు. ఆ ఆశ్చర్యం బావ జన్మలో మర్చిపోడు.

అంతే, మందు దొరికింది. పదింటికీ మూడింటికీ, వానొస్తే గొడుగేసుకుని, ఇద్దరూ గోడ దగ్గర నిలబడాల్సిందే. పాలవాడు "ఎవరి కోసమండీ కాపలా?" అనేవాడు. "దొంగ కోసం, లోపలున్నాడు" అని తమ్ముడు తన ఛాతీ చూపించేవాడు. "పొగ యావ పోయిందా?" అని బావ అడిగితే, "పోలేదు, అబద్ధమెందుకు. ఒళ్ళంతా పీకుతూనే ఉంటుంది. కానీ ఈ రెండు పూటలూ దాటితే మిగతాది నేను చూసుకోగలను" అన్నాడు.

మొదటి నెల నాలుగు పడింది. రెండో నెల మూడు. మూడో నెల రెండు, నర్సు చప్పట్లు కొట్టింది. నాలుగో నెలకి తమ్ముడు వీధి చివరి దాకా వెళ్ళి ఒక్కసారే ఆగి వచ్చాడు. ఐదో నెల కూడా రెండే. డాక్టరమ్మ ఆపరేషనుకి తేదీ రాసి, "ఇంకొక్క ఊదు" అంది.

ఆ నెలలోనే గోడ దగ్గర నిలబడి బావ నోరు జారబోయాడు. "మీ అక్కకి చెప్పేద్దామనుకుంటున్నానురా. మొదటిది నేనే ఇచ్చానని."

తమ్ముడు ఆయన వైపు తిరిగాడు. "ఇప్పుడొద్దు. ఆపరేషను అయ్యాక చెప్పుకో, కావాలంటే నేనే పక్కన కూర్చుంటా. ఇప్పుడు మాత్రం వద్దు బావా."

"నా గుండె బరువెక్కిపోతోందిరా."

"నాది ఖాళీ అయిపోయింది. ముందు నాది చూడు" అని నవ్వాడు. బావ సరేనన్నాడు. మాటిచ్చాడు.

ఆరో ఊదుకి ఇంకా వారం ఉంది. అక్క తమ్ముడి కోసం కొన్న కొత్త చొక్కా మడత పెడుతోంది, ఆస్పత్రికి వేసుకోవడానికి. బావ పక్కన కూర్చుని పేపరు చూస్తున్నాడు. అక్క ఉన్నట్టుండి చొక్కా పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది, కుడి చెయ్యి. "మీరు లేకపోతే నాకు తమ్ముడు లేడు. తల్లి కూడా ఇంత చెయ్యదు. మీ ఋణం ఏం చేసి తీర్చుకోను?" అని ఆ చేతిని కళ్ళకద్దుకుంది.

ముప్పై రెండేళ్ళు తిట్లు భరించిన మనిషి, ఒక్క పొగడ్తని తట్టుకోలేకపోయాడు. చెయ్యి లాక్కున్నాడు. "ఆ చెయ్యే" అన్నాడు. "నువ్వు ఇన్నాళ్ళూ తిట్టింది ఆ చేతినే. వాడికి మొదటి సిగరెట్టు ఇచ్చింది నేనే. అగ్గిపుల్ల కూడా నేనే గీశాను." ఒకసారి మొదలైతే ఆగుతుందా? లాండ్రీ, మూడు గంటలు, పెన్సిలు, అన్నీ కక్కేశాడు. చెప్పినంతసేపూ ఒళ్ళు తేలికైపోతూ ఉంది. నిజం చెప్పాలంటే హాయిగా కూడా ఉంది ఆయనకి, ఆ ఐదు నిమిషాలూ. మాటిచ్చిన సంగతి గుర్తే రాలేదు.

అక్క ఏడవలేదు, అరవలేదు. "ముప్పై రెండేళ్ళు" అంది. "నేను తిడుతూనే ఉన్నాను, మీరు వింటూనే ఉన్నారు."

"విన్నాను."

"నా చేతి భోజనం తిని, నా ఎదురుగా కూర్చుని విన్నారు." చొక్కా తీసి మళ్ళీ మొదటినుంచీ మడత పెట్టింది. "రేపట్నుంచి మీరు వాడి దగ్గరికి పోవద్దు. వాణ్ణి నేను చూసుకుంటాను."

మర్నాడు పదింటికి బావ వెనక గదికి వెళ్ళేసరికి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. లోపల తమ్ముడు చెప్పులేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

"పది నిమిషాలే. అది వాడికి మందు లాంటిది, కావాలంటే నువ్వే తీసుకెళ్ళి నిలబెట్టు" అన్నాడు బావ.

"మళ్ళీ బయట నిలబెడతారా? మొదట అలాగే కదా నిలబెట్టారు!" అంది అక్క. "బయటికెళ్తేనే కదా తాగేది? కొట్టు ఎక్కడుంది? బయట. సిగరెట్లు ఎక్కడున్నాయి? బయట. ఈ వారం వాడు గడప దాటడు."

"అక్కా, పది నిమిషాలు..." అన్నాడు తమ్ముడు లోపల్నించి.

"నువ్వు నోర్ముయ్. ముప్పై ఏళ్ళు ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు, చాలు."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పేముంది చెప్పండి? ఎవరు విన్నా సబబే అంటారు. బావ గట్టిగా నిలబడి, కాదే, నా మాట విను, వాణ్ణి ఆపింది ఆ గోడే అని అరిచి ఉండాల్సింది. తప్పు చేసినవాడికి గొంతెక్కడిది? తల దించుకుని వెనక్కి వచ్చేశాడు. ఇంట్లో కూర్చుంటే అక్క మొహం చూడాలి, తమ్ముడి దగ్గు వినాలి. పొద్దున్నే బయటికెళ్ళి ఎక్కడెక్కడో బల్లల మీద కూర్చుని చీకటి పడ్డాక రావడం మొదలుపెట్టాడు.

అక్క తమ్ముణ్ణి కంటికి రెప్పలా చూసుకుంది. దుమ్ము పడుతుందని వీధి వైపు కిటికీ మూసింది. కాళ్ళు పట్టింది, చిన్నప్పటి కబుర్లు చెప్పింది, ఛాతీకి మందు రాసింది. గదంతా ఆ మందు ఘాటే. వాడు పదింటికి లేస్తే "ఎక్కడికి?" అనేది. వాడు కూర్చునేవాడు. మూడింటికి లేస్తే "పడుకో నాన్నా" అనేది. వాడు పడుకునేవాడు. గోడ వైపు తిరిగి, దుప్పటి కొస రెండు చేతుల్తో నలుపుతూ పడుకునేవాడు.

మూడో రోజు అక్క డాబా మీద బట్టలు ఆరేస్తోంది. తమ్ముడు చెప్పులు చేతిలో పట్టుకుని గోడలు పట్టుకుంటూ కొట్టు దాకా వెళ్ళాడు. ఒక్కటే తాగి వద్దామనుకున్నాడట. ఒక్కటితో ఆగేదైతే ఇన్నేళ్ళ బాధెందుకు? పెట్టె కొన్నాడు. ఆ రోజు రెండు, మర్నాడు ఐదు, అక్క డాబా ఎక్కినప్పుడూ, స్నానానికి వెళ్ళినప్పుడూ. ఛాతీ మందు ఘాటులో అక్కకి వాసన తెలీలేదు. పరీక్ష రోజు పొద్దున కూడా, ఇవాళ వద్దు, ఇవాళ వద్దు అనుకుంటూనే బాత్రూములో ఒకటి వెలిగించాడు.

కొత్త చొక్కా వేసుకుని ఊదాడు. నర్సు అంకె చూసి గొట్టం మార్చింది. "ఇంకోసారి ఊదండి" అంది. మళ్ళీ చూసింది. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా కాగితం మీద పంతొమ్మిది అని రాసింది.

"మిషను పాడైందేమో చూడమ్మా" అంది అక్క. "వాడు వారం రోజులుగా గడప దాటలేదు. నా కళ్ళ ముందే ఉన్నాడు."

తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు అక్క వంగి వాడి చేతివేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆవిడ గొంతులోంచి వచ్చిన చప్పుడుకి పక్కగదిలో వాళ్ళు కూడా తొంగి చూశారు.

"ఎందుకురా? ఎందుకు చేశావురా ఈ పని?"

"బుద్ధి గడ్డి తింది అక్కా" అన్నాడు వాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. డాక్టరమ్మ తేదీ కొట్టేసి, ఆరు నెలల తర్వాతి తేదీ రాసింది.

ఆ సాయంత్రం అక్క మందుల షాపుకి వెళ్ళినప్పుడు తమ్ముడు బావని పిలిచాడు. వారం తర్వాత మొదటిసారి బావ ఆ గదిలో అడుగుపెట్టాడు.

"నన్ను తిట్టరా. మాటిచ్చి తప్పాను. నా మనసు తేలిక చేసుకుందామని నీ ప్రాణం మీదికి తెచ్చాను" అన్నాడు బావ. మంచం పక్కన నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు, అరవై రెండేళ్ళ మనిషి.

తమ్ముడు ఊపిరి అందేదాకా ఆగాడు. "తిట్టే ఓపిక లేదు గానీ, ఒకటి అడుగుతాను. గదిలో ఉండలేకపోయానని అక్కకి తెలియనివ్వకు. పదింటికీ మూడింటికీ నరాలు తెగిపోయేవి బావా, ఆ కిటికీ అయినా తెరిచి ఉంటే... వద్దులే. అక్క నన్ను కాపాడుకుందామని చేసింది. తనే నన్ను చంపిందని తనకి తోచిందంటే బతకదు. ఈ మాటైనా నిలబెట్టుకో."

బావ తలూపాడు.

ఇద్దరూ మళ్ళీ గోడ దగ్గర నిలబడదామనుకున్నారు. అక్క కూడా అడ్డం చెప్పలేదు, ఆవిడకి ఇక అడ్డం చెప్పే ఓపిక లేదు. కానీ వారం తిరక్కుండానే తమ్ముడికి గుమ్మం దాకా నడవడం కష్టమైంది. నాలుగో నెలలో మామూలు జలుబు చేసింది. మీకూ నాకూ వచ్చే జలుబే, ముక్కు చీదుకుంటే పోయేది. వాడికది ఛాతీలోకి దిగింది. ఐదో రోజు తెల్లవారుజామున, ఒకవైపు అక్క, ఒకవైపు బావ పట్టుకుని ఉండగానే, లోపలికి తీసిన ఊపిరి మళ్ళీ బయటికి రాలేదు.

తర్వాత అక్క వంట చేసేది, వడ్డించేది, తను తినేది కాదు. రెండు ముద్దలు కెలికి కంచం కడిగేసేది. మెడ ఎముకలు బయటికొచ్చాయి. వెనక గదిలోకి వెళ్ళి మూసిన కిటికీ ముందు నిలబడేది. బావతో అవసరమైన మాటలే, ఉప్పుందా, కరెంటు పోయిందా, అంతే. బావ అడగలేదు, తిను అని బతిమాలే హక్కు తనకి ఉందని అనుకోలేదు.

నెలన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం ఆవిడ వంటింట్లోంచి వచ్చి బావ ఎదురుగా నిలబడింది. చేతులు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. అబద్ధం చెప్తే మీ మొహం చూడను."

"అడుగు."

"వాణ్ణి పదింటికీ మూడింటికీ బయట నిలబెట్టాలని మీరన్నారు. మందు లాంటిది అన్నారు. నేను వినలేదు, తలుపేసి కూర్చోబెట్టాను. నేను ఆ వారం రోజులూ వాణ్ణి పంపించి ఉంటే, వాడు తాగేవాడు కాదు కదా?"

బావ ఆవిడ మొహం వైపు చూశాడు. ఆ మొహంలో జవాబు అప్పటికే సగం ఉంది. ఆయన ఒక్కసారి తలూపితే చాలు, మిగతా సగం కూడా వచ్చి కూర్చుంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఇంత భయంగా తన వైపు చూడటం ఆయన ఎరగడు. నిజం గొంతు దాకా వచ్చింది. ఒకసారి అలా వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆయనకి తెలుసు.

"పిచ్చిదానా, అదంతా ఉత్తదే" అన్నాడు.

"ఏది ఉత్తది?"

"నిలబడటం. గోడ దగ్గర నిలబడి ఏం చేసేవాళ్ళమనుకున్నావు? వాడు తాగేవాడు. వారానికి రెండో మూడో. నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి, వాడి అవస్థ చూడలేక. పరీక్షకి రెండ్రోజుల ముందు ఆపించేవాణ్ణి. నిన్నటిదీ ఇవాళ్టిదీ మాత్రమే పడుతుందని నర్సు చెప్పిందిగా, నువ్వూ విన్నావు. ఐదు నెలలూ అలాగే నెట్టుకొచ్చాం. ఆఖరి వారం నువ్వు తలుపేశావు గనక నేను చూసుకోలేకపోయాను, పొద్దున తాగేసి దొరికిపోయాడు. నువ్వు తలుపెయ్యకపోయినా, ఆపరేషను చేసినా, అది నిలిచేది కాదు. వాడి ఛాతీలో పొగ ఎప్పుడూ ఖాళీ కాలేదు."

అక్క అలాగే నిలబడింది. గోడ దగ్గర వాడు నవ్విన నవ్వులూ, "గడిచిపోయింది బావా" అన్న ఆ మాటా, ఐదు నెలలు వాడు పళ్ళబిగువున గెలుచుకున్నదంతా తన చేతుల్తోనే చెరిపేశానని బావకి తెలుస్తూనే ఉంది. క్షమించరా అని లోపలే అనుకున్నాడు.

"అంటే మొదటిదీ మీరే, ఆఖరివీ మీరే" అంది అక్క.

"నేనే."

"మీరే చంపారు నా తమ్ముణ్ణి."

"నేనే" అన్నాడు బావ.

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కంచం తీసిన చప్పుడైంది, గిన్నె మూత తీసిన చప్పుడైంది. బావ కుర్చీలోంచి కదలకుండా కూర్చుని, ఆవిడ తింటున్న చప్పుడు వింటూ ఉన్నాడు. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది.